లేఖక దోషమట!

మొన్న సంక్రాంతికి నా పూర్వవిద్యార్థి ఒకడు మా యింటికి వచ్చాడు. ఎనిమిదవ తరగతిలో ఛందస్సు చెబుతున్నప్పుడు యతి తప్పిన చోటును చెవితోనే పట్టుకొన్న పిల్లవాడు. ఇప్పుడు నలభయ్యో పడికి దగ్గరపడ్డాడు. హైదరాబాదులో ఒక కంపెనీలో సర్వర్లను చూచుకొనే ఉద్యోగం చేస్తున్నాడు. చేసేవాడు అనవలె, ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు. కంపెనీ పేరుతో మనకు పనిలేదు.

“నా సంజాయిషీ ఒప్పుకోలేదండీ మాస్టారూ. ‘మానవ తప్పిదం’ అని వ్రాసి పంపేశారు” అన్నాడు.

జరిగినది ఇది. వాడి అధీనంలో 40 సర్వర్లు. అన్నీ ఒకే పని చేసేవే. వచ్చిన పనిని పంచుకొంటాయి. వాటిలో సాఫ్ట్‌వేరుకు కొత్త కూర్పు ఎక్కించవలసి వచ్చింది. ఒక ఎక్సెల్ పట్టికలో 40 పేర్లు. ఒక్కొక్కదానిలోనికి ప్రవేశించి, ఆదేశాలు టైపు చేసి, పట్టికలో టిక్కు పెట్టుకొని తరువాతి దానికి పోవడం. రాత్రి పదకొండుకు మొదలుపెడితే తెల్లవారుజామున నాలుగయింది. నలభైకీ టిక్కులు పడ్డాయి. అయితే అంతకు ముందు వాడు సెలవులో ఉన్న వారంలో పదిహేడవ సర్వరు డిస్కు చెడిపోగా, మరెవరో దానిని పాత ప్రతినుండి తిరిగి నిలబెట్టారు. ఆ సంగతి పట్టికలో లేదు. కొత్త కూర్పు దానిలోనూ చక్కగా ఎక్కింది గాని, అమరికల ఫైలు మాత్రం రెండేళ్ళ నాటిది. లెక్కలు ఏ చిరునామాకు పంపాలో చెప్పే పంక్తి పాతదే ఉంది. ఆ పాత చిరునామాలోని యంత్రాన్ని ఎవరూ ఆర్పలేదు గనుక, పంపినదల్లా అది కిక్కురుమనకుండా పుచ్చుకొన్నది. మధ్యాహ్నం ఖాతాదారులు గోల పెట్టేదాకా ఎవరికీ తెలియలేదు.

ఉదయపు నడకలో ఒక మిత్రుడికి ఈ కథ చెప్పాను. ఆయనా నావలెనే పదవీ విరమణ చేసినవాడే. అంతా విని, “తప్పు వాడిదే గదండీ! నలభై చూడవలసినవాడు నలభై చూడవద్దూ? ఈ కాలపు పిల్లలకు శ్రద్ధ తక్కువ” అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆయనతో నడకదారిలో వాదించలేక ఇంటికి వచ్చి ఇది వ్రాస్తున్నాను.

తెలుగు పండితుడికి సర్వర్లతో ఏమి పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. వేదాలలోనే కంప్యూటర్లున్నాయని చెప్పబోతున్నానని మరికొందరు భయపడవచ్చు. ఆ భయం అక్కరలేదు, అటువంటి మాటలు విని నేనూ విసిగినవాడినే. అయితే ఒకే పాఠం అనేక ప్రతులలో, అనేక చోట్ల, ఒకే తీరుగా నిలిచి ఉండడం ఎలా అన్నది మావాళ్ళకు చాలా పాత సమస్య. తాళపత్రాల కాలం నుండి ఉన్నది. ఆ సమస్యతో తల బద్దలు కొట్టుకొన్నవారి వారసుడిగా నాకు ఈ విషయంలో నోరెత్తే హక్కు కాస్త ఉందనుకొంటాను.

వ్రాతప్రతులను పరిష్కరించేవారు ‘లేఖక దోషం’ అంటారు. ప్రతి వ్రాసినవాడు ఒక అక్షరం విడిచాడు, ఒక పాదం రెండుసార్లు వ్రాశాడు, పై పంక్తి నుండి కింది పంక్తికి కన్ను జారి మధ్యలోని పద్యం ఎగిరిపోయింది. ఇవన్నీ లేఖక దోషాలే. ఐతే మంచి పరిష్కర్త ఎవడూ ఆ మాటతో ఊరుకోడు. ఈ ప్రతి ఏ ప్రతికి నకలు, ఆ ప్రతి దేనికి నకలు, ఈ పాఠం ఎక్కడ చొచ్చింది అని వెదకుతాడు. కడపలో ఉండగా బ్రౌను దొర ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, ప్రతులను సరిపోల్పించాడు. పుణెలో భండార్కర్ సంస్థవారు మహాభారత సంశోధనకు 1919లో పూనుకొని 1966లో ముగించారు. 1259 ప్రతులు పరిశీలించారు. ఇన్నేళ్ళ శ్రమలో వ్రాయసకాండ్రను తిట్టినందువల్ల బాగుపడిన పద్యం ఒక్కటి లేదు. చేతితో నకలు తీసినచోట పాఠభేదం పుట్టి తీరుతుంది. వ్రాయసకాడు మహాశ్రద్ధాళువైనా పుడుతుంది. కొన్నిసార్లు మరీ శ్రద్ధాళువైనందువల్లనే పుడుతుంది: తనకు అర్థంకాని పాత మాటను తప్పనుకొని దిద్దేస్తాడు.

ఇంకొక సంగతి కూడా వారికి తెలుసు. శిథిలమైన ప్రతి స్థానంలో, అంతకన్న పాతదైన మరొక ప్రతి నుండి నకలు తీసి పెడితే, మధ్యకాలంలో దిద్దిన దోషాలన్నీ మళ్ళీ బ్రతుకుతాయి. మా వాడి పదిహేడవ సర్వరుకు పట్టిన గతి అక్షరాలా ఇదే. వాడు దానిని చూడకపోలేదు. చూశాడు, టిక్కు పెట్టాడు. కూర్పు ఎక్కిందా అన్నదే పట్టిక అడిగిన ప్రశ్న. ఈ యంత్రం తక్కిన ముప్పైతొమ్మిదితో అన్నివిధాలా సమానంగా ఉందా అని పట్టిక అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు వ్రాయలేదని మనిషిని శిక్షించారు.

నా మిత్రుడు ఇది ఏదో మన దగ్గరి నిర్లక్ష్యమనుకొంటున్నాడు. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే సంస్థ ఉండేది. షేర్ల క్రయవిక్రయాలు చేసిపెట్టే పెద్ద సంస్థ. 2012 ఆగస్టు 1న దానికి పట్టిన దుర్గతి గురించి అక్కడి సెక్యూరిటీల నియంత్రణ సంస్థ మరుసటి సంవత్సరం ఇచ్చిన ఉత్తర్వులో పూసగుచ్చినట్లున్నది. మా వాడు చెబితే దానిని తెప్పించుకొని, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, రెండుసార్లు చదివాను. ఉపన్యాసాలు చెప్పేవారందరూ చదవదగిన వ్రాత అది.

న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో ఒక కొత్త పథకం ఆ రోజు మొదలు కానున్నది. దానికి తగిన కొత్త ప్రోగ్రామును నైట్ సంస్థవారు తమ 8 సర్వర్లలో పెట్టాలి. జులై 27 నుండి కొన్ని కొన్నిటిగా పెట్టుకొంటూ వచ్చారు. పెట్టే మనిషి ఏడింటిలో పెట్టాడు, ఎనిమిదవ దానిలో పెట్టలేదు. రెండవ మనిషి సరిచూడాలన్న నియమం ఆ సంస్థలో వ్రాతపూర్వకంగా లేదు. ఎనిమిదవ దానిలో పాత ప్రోగ్రామే ఉండిపోయింది.

పాత ప్రోగ్రాము ఉంటే ఏమి, పాత పని చేసుకొంటుంది గదా అనవచ్చు. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉన్నది. ‘పవర్ పెగ్’ అనే ఒక పాత పనిని వారు 2003లోనే వాడడం మానివేశారు. మానివేశారు గాని ప్రోగ్రాములోనుండి తీసివేయలేదు. ఆ పనిని మేల్కొలపడానికి ఒకప్పుడు ఒక గుర్తు ఉండేది. అదే గుర్తును ఇప్పుడు కొత్త పథకానికి సంకేతంగా వాడుకొన్నారు. మా శాస్త్రంలో దీనిని అర్థవిపరిణామం అంటాం. పూర్వకావ్యాలలో ‘చీర’ అంటే వస్త్రం, మగవాడైనా కట్టవచ్చు. ఇప్పటి అర్థం వేరు. ఏడుగురు శిష్యుల చేతిలో కొత్త నిఘంటువు, ఎనిమిదవవాడి చేతిలో పాత నిఘంటువు ఉంటే, గురువు ఒకే మాట అన్నప్పుడు ఎనిమిదవవాడు ఏమి తెస్తాడో ఊహించుకోండి. సరిగా అదే జరిగింది. ఆ గుర్తుతో వచ్చిన ఆర్డర్లు ఎనిమిదవ సర్వరుకు చేరగానే తొమ్మిదేళ్ళుగా నిద్రపోతున్న పవర్ పెగ్ లేచి కూర్చొన్నది.

అది లేచినా, అడిగినన్ని షేర్లు కొనగానే ఆగిపోవలసింది. ఆపడానికి లెక్కపెట్టే భాగం ఒకటి ఉండేది. 2005లో ఆ భాగాన్ని ప్రోగ్రాములో మరొక చోటికి జరిపారు. జరిపిన తరువాత పవర్ పెగ్ సరిగా ఆగుతుందో లేదో పరీక్షించలేదు. వాడనిదానిని పరీక్షించడమెందుకు? కాబట్టి అది ఆగలేదు. 212 చిన్న ఆర్డర్లను పుచ్చుకొని, 45 నిమిషాలలో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు చేసింది. నష్టం 46 కోట్ల డాలర్లకు పైమాట.

ఇంకా వినండి. బజారు తెరవడానికి ముందే, ఉదయం ఎనిమిది దాటినప్పటి నుండి, వారి యంత్రమే పవర్ పెగ్ పేరు ఎత్తి 97 ఈ-మెయిళ్ళు పంపింది. అవి హెచ్చరికలన్న ఉద్దేశంతో ఏర్పాటు చేసినవి కావు గనుక ఎవరూ చదవలేదు. ఇక మంట రేగిన తరువాత వారు చేసిన చికిత్స మరీ ఘోరం. కొత్త ప్రోగ్రాములోనే దోషముందనుకొని, సరిగా ఉన్న ఏడు సర్వర్లలోనుండీ దానిని ఊడబెరికారు. దానితో ఏడింటిలోనూ పాత ప్రోగ్రామే మిగిలింది. అంతవరకు ఒక్కటి చేస్తున్న పనిని ఎనిమిదీ చేయసాగాయి. ఎనిమిది ప్రతులలో ఏది మంచిదో, ఏది చెడ్డదో, అసలు తేడా ఎక్కడున్నదో చెప్పే సాధనం లేని చోట వైద్యం అలాగే ఉంటుంది.

ఇప్పుడు చెప్పండి, ఇది ఎనిమిదవ సర్వరును మరచిన మనిషి తప్పా? 2003లో తీసివేయని వారు, 2005లో పరీక్షించని వారు, పాత గుర్తుకు కొత్త అర్థం కట్టిన వారు, రెండవ కన్ను అక్కరలేదన్నవారు, 97 ఉత్తరాలకు చదువరిని నియమించనివారు. వరుస ఇంత పొడుగున్నది. నియంత్రణ సంస్థ తన ఉత్తర్వులో ఆ మనిషి పేరైనా ఎత్తలేదు. కంపెనీని దోషిగా నిలబెట్టి 2013 అక్టోబరులో కోటీ ఇరవై లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆ సంస్థ అప్పటికే మరొక సంస్థలో కలిసిపోయింది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మర్యాద ఒకటి చెబుతాను. ఈక్విఫాక్స్ అనే సంస్థ అమెరికాలో కోట్లమంది అప్పుల చరిత్రను దాచిపెట్టుకొని ఉంటుంది. వారు వాడే అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేరులో ఒక పెద్ద కన్నమున్నదని 2017 మార్చి 7న లోకానికి తెలిసింది. పూడ్చే మందూ వెంటనే వచ్చింది. సంస్థలో 400 మందికి పైగా ఈ-మెయిలు పంపారు, 48 గంటలలో సరిచేయమన్నారు. ఆ సాఫ్ట్‌వేరు తమ యంత్రాలలో ఎక్కడెక్కడ ఉన్నదో చెప్పే సమగ్రమైన జాబితా మాత్రం వారి దగ్గర లేదు. వెదికించిన ఉపకరణానికీ కనబడలేదు. మే నెలలో దొంగలు చొరబడి జులై చివరిదాకా తవ్వుకొన్నారు. 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. అక్టోబరులో ఆ సంస్థ మాజీ అధిపతి కాంగ్రెసు ముందు నిలబడి ఏమన్నాడంటే, సరిచేయమని చెప్పవలసిన ఒక వ్యక్తి చెప్పలేదన్నాడు. పద్నాలుగున్నర కోట్లమంది కొంపలకు కాపలా ఒక్క మనిషి జ్ఞాపకశక్తి మీద పెట్టామని నిండు సభలో ఒప్పుకొంటూ, అది తన నేరానికి సాక్ష్యమని కాక, సంజాయిషీ అని అనుకొన్నాడు! మరుసటి ఏడాది డిసెంబరులో ఆ సభ కమిటీ తన నివేదికలో ఈ నష్టం పూర్తిగా నివారించదగినదే అని తేల్చింది.

నా మిత్రుడు ‘శ్రద్ధ’ అన్నాడు గదా. ఆయన సంప్రదాయం తెలిసినవాడు గనుక ఆయనకు తెలిసిన దానితోనే జవాబు చెబుతాను. వేదాన్ని నోటితో కాపాడినవారికంటె శ్రద్ధ గలవారు ఎవరైనా ఉన్నారా? ఐనా వారు శ్రద్ధను నమ్ముకొని ఊరుకోలేదు. సంహితను చెప్పించి, పదపాఠం చెప్పించి, క్రమం, జట, ఘన అంటూ అవే పదాలను ముందుకు, వెనుకకు, మళ్ళీ ముందుకు త్రిప్పి చెప్పించారు. ఒక వరుసలో జరిగిన పొరపాటు మరొక వరుసలో బయటపడక తప్పదు. మనిషి పొరబడతాడని ముందే ఒప్పుకొన్నవాడే ఇంత ఏర్పాటు చేయగలడు. శ్రద్ధ చాలుననుకొంటే పదపాఠమెందుకు, ఘనమెందుకు? అంతటి విద్యను కంఠం పట్టించుకొన్న బ్రహ్మచారిని నమ్మని చోట, తెల్లవారుజామున నాలుగు గంటలకు టీ త్రాగి కళ్ళు నులుముకొనే కుర్రవాడిని నమ్మి, తప్పినప్పుడు శ్రద్ధ లేదంటారా?

ఏర్పాటు ఏమిటో ఈ రంగంలోని వారికి తెలియక కాదు. 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ అనే భౌతికశాస్త్రవేత్త సీఎఫ్‌ఇంజిన్ అనేదానిని తయారుచేశాడు. దానిలోని ఆలోచన వ్యాకరణం చదువుకొన్నవాడికి వెంటనే అందుతుంది. సాధ్యానికీ సిద్ధానికీ ఉన్న భేదమే అది. గంగాళంలో “రెండు బిందెల నీళ్ళు పోయి” అని పనివాడికి చెప్పామనుకోండి. మరచి రెండుసార్లు చెబితే నీళ్ళు పొర్లిపోతాయి; గంగాళానికి చిల్లు ఉంటే రెండు బిందెలు పోసినా వట్టిదే అవుతుంది. అట్లాకాక “గంగాళం ఎప్పుడూ అంచుదాకా ఉండాలి” అని చెబితే, వందసార్లు చెప్పినా హాని లేదు. వాడు వచ్చినప్పుడల్లా చూస్తాడు, తక్కువైతే పోస్తాడు, సరిపోతే పోతాడు. సర్వరుకు చేయవలసిన పనులు చెప్పరు. ఉండవలసిన స్థితి చెబుతారు. యంత్రం తనంతట తాను ఆ స్థితికి వచ్చి చేరుతుంది, జరిగిపోతే తిరిగి వచ్చి చేరుతుంది. పాత ప్రతినుండి లేచిన పదిహేడవ సర్వరు అరగంటలో తన అమరికలను తానే దిద్దుకొని ఉండేది. దిద్దుకోలేకపోతే, నేను వేరుగా ఉన్నానని అరచి చెప్పేది.

2005లో పపెట్, 2009లో షెఫ్, 2012లో ఆన్సిబుల్ వచ్చాయి. (ఈ చివరిది ఉర్సులా లెగ్విన్ అనే కథారచయిత్రి తన నవలలో కల్పించిన ఒక వార్తాసాధనం పేరట. సాహిత్యం ఎందుకూ పనికిరాదనేవారు గమనింతురు గాక.) ఆ స్థితిని వర్ణించే ఫైళ్ళను గిట్ వంటి దానిలో ఉంచితే, ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో ప్రతిదానికీ చిట్టా ఉంటుంది. ఇంతటి పాఠభేద సూచిక మా పూర్వ పరిష్కర్తలకు కలలోనైనా దొరకలేదు. వీటిలో చాలావాటికి మూలం ఉచితం. మా వాడు రెండేళ్ళుగా అడుగుతున్నాడట, మూడు నెలల వ్యవధి ఇస్తే నలభైనీ ఈ దారికి తెస్తానని. “ఇప్పుడు పని నడుస్తోంది గదా, కదపవద్దు” అన్నారట.

కదపవద్దట! ఈ మాట అన్నవారు వినయవంతులవలె, అనుభవజ్ఞులవలె కనబడతారు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్టు ఒక రంధ్రాన్ని పూడ్చే నవీకరణను విడుదల చేసింది. కదపవద్దన్నవారు కదపలేదు. మే 12న వన్నక్రై వచ్చిపడింది. ఇంగ్లండులోని ప్రభుత్వ ఆరోగ్య ట్రస్టులలో దాదాపు మూడవ వంతుకు దెబ్బ తగిలింది, వేలాది రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని వాతబడ్డాయి. కదపని ఇంటిలో చెదలు కదలకుండా ఉంటాయా?

ఇక్కడ నన్ను నిలదీసేవారు ఉన్నారు. సరే, యంత్రానికే అప్పగించాం, అన్నిటికీ ఒకేసారి, ఒకే మూలం నుండి, క్షణంలో చేరవేశాం. 2024 జులై 19న ఏమయింది అంటారు. న్యాయమైన ప్రశ్న. దానికి తప్పించుకోను.

తాళపత్రంలో తప్పు ఒక్క ప్రతికి పరిమితం. అచ్చుతప్పు వేయి ప్రతులలోనూ ఉంటుంది. ఆ రోజు మన లెక్కన ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ ఒక చిన్న ఫైలును ప్రపంచమంతటికీ పంపింది. కొత్తగా వచ్చే అమరిక 21 అంశాలను చూడమంటుంది. యంత్రంలోని ప్రోగ్రాము అందించేవి 20. అంతకు ముందటి పరీక్షలలో ఇరవై ఒకటవ దానికి ‘ఏదైనా ఫరవాలేదు’ అన్న గుర్తు పెట్టినందువల్ల లోపం బయటపడలేదు. సరిచూడవలసిన ఉపకరణంలోనూ దోషమున్నది. లేని ఇరవై ఒకటవ దానికోసం చేయి చాచి 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయి. 78 నిమిషాలలో ఫైలును వెనుకకు తీసుకొన్నారు గాని, అప్పటికే పడిపోయినవాటిని లేపడానికి చాలాచోట్ల మనిషి స్వయంగా వెళ్ళి, ఒక్కొక్క యంత్రం ముందు కూర్చొని ఆ ఫైలును చెరిపివేయవలసి వచ్చింది. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. మళ్ళీ లేఖకుడే దిక్కయ్యాడు!

ఐతే ఇది యంత్రానికి అప్పగించినందువల్ల వచ్చిన ఆపద కాదు. ప్రూఫు చూడకుండా ముద్రించినందువల్ల వచ్చినది. అచ్చాఫీసులో మొదటి కాగితం తీసి, చదివి, దిద్ది, మళ్ళీ తీసి చూచుకొని తరువాత వేయి ప్రతులకు పూనుకొంటారు. సర్వర్ల విషయంలోనూ అంతే. మొదట ఒకదానిలో, తరువాత పదింటిలో, గంట ఆగి, బాగున్నదనుకొన్నాక తక్కినవాటిలో. దీనికి గనిలో విషవాయువును పసికట్టే పిట్ట పేరు పెట్టి ‘కానరీ’ పద్ధతి అంటారు. క్రౌడ్‌స్ట్రైక్ వారు తమ ప్రోగ్రాము కొత్త కూర్పులకు ఈ మర్యాద పాటించేవారు. ఒక కూర్పు వెనుక ఉంటామన్న ఖాతాదారులను ఉండనిచ్చేవారు కూడా. కాని ఆ చిన్న ఫైలు ‘ప్రోగ్రాము కాదు, అమరిక మాత్రమే’ గనుక దానికి ఈ నియమాలేవీ వర్తింపజేయలేదు. వెనుక ఉంటామన్నవారూ మునిగారు. ‘అమరిక మాత్రమే’ అన్న ఆ మాటను మా పండితుల భాషలో చెప్పాలంటే, ‘పొల్లు మాత్రమే’ అనడం వంటిది. పొల్లు పోతే పద్యం పోతుందని పదవ తరగతి పిల్లవాడికి తెలుసు. తరువాత ఆ సంస్థ ఈ ఫైళ్ళకూ అంచెలు పెట్టింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ ఆరుగంటల సేపు మాయమైనప్పుడూ ఇదే తీరు. ప్రమాదకరమైన ఆదేశాన్ని ఆపవలసిన పరిశీలకయంత్రంలోనే లోపమున్నది.

కాబట్టి చేతివ్రాతను సమర్థించేవారికి నేను ఎంత వ్యతిరేకినో, ఒక్క మీటతో లోకమంతా మార్చేస్తామనేవారికీ అంతే వ్యతిరేకిని. ఈ రెండు తెగలవారూ పైకి కొట్టుకొంటున్నట్లుంటారు గాని, ఒక విషయంలో అన్నదమ్ములే. సరిచూచుకొనే ఏర్పాటుకు డబ్బు పెట్టరు. తప్పు జరిగినప్పుడు ఆ రాత్రి కూర్చొన్నవాడి వైపు వేలు చూపిస్తారు.

వేలు చూపకుండా ఉండడమూ చాతనవును. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్‌వారి ఎస్3 అనే నిలువ సేవ కొన్ని గంటలపాటు స్తంభించి, దానిమీద ఆధారపడిన ఎన్నో సైట్లు మూగబోయాయి. కారణం, కొన్ని సర్వర్లను తీయబోయి ఒకడు ఆదేశంలో తప్పు టైపు చేయగా ఎక్కువ సర్వర్లు తొలగిపోయాయి. ఇంతకంటె స్పష్టమైన లేఖక దోషం ఉంటుందా? ఐనా వారు ప్రకటించిన వివరణలో ఆ మనిషి ఊసు ఎంత కావాలో అంతే ఉన్నది. మిగిలినదంతా తమ ఉపకరణాన్ని ఏమి మార్చారన్నదే: ఇకమీద అది నెమ్మదిగా మాత్రమే తీస్తుంది, ఉండవలసిన కనీస సంఖ్యకు దిగువకు తీయమంటే తీయదు. తప్పు టైపు చేసే చేయి రేపూ ఉంటుందని వారు ఒప్పుకొన్నారు. చేయి మారినా ఉంటుంది. మా వాడిని పంపివేసిన పెద్దలు ఈ ముక్క చదివి ఉండరు. చదివినా, చేయిని మార్చడం చవక, ఉపకరణాన్ని మార్చడం ఖర్చు.

నా మిత్రుడికి ఒక్క ప్రశ్న. మీరు ముప్పై ఏళ్ళు ఆఫీసులో రిజిస్టర్లు వ్రాశారు. ప్రతి పుట చివర మొత్తం వేసి, అడ్డంగా నిలువుగా సరిపోయిందా అని చూచుకొని, పైఅధికారి చేత సంతకం చేయించుకొని ముందుకు పోయేవారు. ఆ నియమం మీకు శ్రద్ధ లేదని పెట్టారా? ఆ నియమాన్ని తీసివేసి, మీ ఒక్కరినే రాత్రిపూట కూర్చోబెట్టి, మరునాడు లెక్క తప్పితే ఇంటికి పంపి ఉంటే మీ పిల్లల చదువులేమయ్యేవి?

మా వాడికి ఇద్దరు పిల్లలు. పెద్దది ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరం. ఫ్లాటు కంతులు ఇంకా పదకొండేళ్ళున్నాయట. ‘మానవ తప్పిదం’ అని వ్రాసి ఇచ్చిన కాగితం పట్టుకొని మరొక కంపెనీకి వెళ్ళితే మొదట దానినే అడుగుతున్నారని చెప్పాడు. వాడు మా యింట్లో కూర్చొన్నంతసేపూ తాను చేసిన తప్పు గురించే మాట్లాడాడు గాని, తనకు జరిగిన అన్యాయం గురించి మాట్లాడలేదు. “టిక్కు పెట్టే ముందు అమరికల ఫైలు కూడా తెరచి చూడవలసింది మాస్టారూ” అని మూడుసార్లు అన్నాడు. మూడవసారి, “ఊరుకోరా” అని కసిరాను.

వెళ్ళేముందు అడిగాను, ఇప్పుడు ఆ నలభై సర్వర్లూ ఎవరు చూస్తున్నారని. తనకంటె పన్నెండేళ్ళు చిన్నవాడైన ఒక అబ్బాయిని పెట్టారట. మరి ఆ పట్టిక?

“అదే ఎక్సెల్ అండీ. నేనే పంపించాను, ఫోను చేసి అడిగితే. పదిహేడు దగ్గర ఎర్రరంగు వేసి పంపాను.”

ఈ రంగంలో పనిచేస్తున్న మిత్రులు మీలో చాలామంది ఉన్నారు. పారిభాషిక విషయాలలో నేను పొరబడినచోట నిర్మొహమాటంగా దిద్దండి. మీ చోట ఎక్సెల్ పట్టిక ఉన్నదో లేదో కూడా వ్రాయండి.